సి ల్యాబ్ కోసం ఇంట్లో ఏది వేసుకోవాల? (4 జీబీ ల్యాప్‌టాప్, కాలేజీలో టర్బో సి)

కావలి_ఫస్టియర్ | సాయంత్రం 6:40
అందరికీ నమస్కారం. బీటెక్ మొదటి సంవత్సరం, సి ల్యాబ్ మొదలైంది. ల్యాబ్‌లో నీలం తెర టర్బో సి (సి ప్రోగ్రాంలు రాసి నడిపే పాత సాఫ్ట్‌వేర్). ఇంట్లో ల్యాప్‌టాప్ ఐ3, 4 జీబీ ర్యామ్, పాతరకం హార్డ్ డిస్క్, విండోస్ 10. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. సీనియర్లలో ఒకరు వీఎస్ కోడ్ అంటారు, ఒకరు కోడ్ బ్లాక్స్ అంటారు, ఇంకొకరు ఫోన్లోనే చేసుకోమంటారు. సెలవుల్లో పైథాన్ కూడా మొదలుపెట్టాలని ఉంది. రెండిటికీ ఒక్కటే సరిపోతుందా? దేంతో తలనొప్పి తక్కువ?

ఒంగోలు_గిత్త | 6:58
వీఎస్ కోడ్ వేసెయ్ తమ్ముడూ, ఆలోచించేదేం లేదు. సి, పైథాన్, జావా అన్నీ ఒక్కదాంట్లోనే. రేపు ఉద్యోగంలోనూ అదే కనపడుద్ది. ఇప్పుడొకటి అలవాటు చేసుకోని, మూడేళ్ళకి ఇంకోటి నేర్చుకునేదెందుకు?

కావలి_ఫస్టియర్ | 7:03
తమ్ముడు కాదన్నా, చెల్లెల్ని :) వీఎస్ కోడ్ దించుకుంటే చాలా, ఇంకేమైనా కావాలా?

మార్కాపురం_పలక | 7:21
అసలు చిక్కంతా ఆ ‘ఇంకేమైనా’ దగ్గరే ఉంది. టర్బో సిలో రాసేది, కంపైల్ చేసేది, నడిపేది, తప్పు వెతికేది అంతా ఒకే నీలం కిటికీలో ఉంటుంది. అందుకని అవి నాలుగు వేరే వేరే పనిముట్లన్న సంగతే ఎవరికీ తోచదు. ఎడిటర్, కంపైలర్, టెర్మినల్ (ఆదేశాలు కొట్టే నల్లకిటికీ), డీబగ్గర్, ఇవీ వరసగా ఆ నాలుగు. వీఎస్ కోడ్‌తో ఎడిటరూ, టెర్మినల్ గడీ మాత్రమే వస్తాయి. ఉత్త పలక. పలక కొన్నంత మాత్రాన అయ్యవారు ఇంటికి రాడు గదా! రాసింది మెషీన్ భాషలోకి మార్చి, తప్పులు చూపించే అయ్యవారు కంపైలర్. సి భాషకి ఆయన్ని విడిగా పిలుచుకొచ్చుకోవాల.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ సి ఎక్స్‌టెన్షన్ (వీఎస్ కోడ్‌కి అదనంగా తగిలించే భాగం) వేస్తే కంపైలర్ వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. రాదు. అది రంగులు వేస్తుంది, పేర్లు గుర్తుచేస్తుంది, డీబగ్గర్‌తో మాట్లాడిస్తుంది, అంతే.

ఇంకో మాట. విజువల్ స్టూడియో వేరు, విజువల్ స్టూడియో కోడ్ వేరు. మొదటిదాన్ని పొరపాటున దించుకుంటే, సి ప్లస్ ప్లస్ భాగంతో కలిపి జీబీలకు జీబీలు హాట్‌స్పాట్ మీద పోతాయి. ఊదారంగు గుర్తుంటే ఆపెయ్. నీలంది వీఎస్ కోడ్.

ఒంగోలు_గిత్త | 7:35
కంపైలర్ వేసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు పలక గారూ. వరసగా చెప్తా. (ఆదేశాలు తెలుగులో రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాల.)

ఎంసిస్2 (విండోస్‌లోకి కంపైలర్ లాంటివి తెచ్చిపెట్టేది) వాళ్ళ సైటు నించి ఇన్‌స్టాలర్ దించుకో. దారి మార్చొద్దు, సి డ్రైవ్‌లో ఎంసిస్64 అనే ఫోల్డర్‌లోనే పడనీ. అయ్యాక యూసీఆర్‌టీ64 అనే నల్లకిటికీ తెరుచుకుంటుంది. అందులో ప్యాక్‌మ్యాన్, ఖాళీ, హైఫన్ పెద్ద ఎస్, ఖాళీ, ఆ తరవాత జీసీసీ అనే కంపైలర్ ప్యాకేజీ పేరు. పేరు పొడుగ్గా ఉంటుంది, చేత్తో కొట్టకుండా వాళ్ళ మొదటి పేజీలోదే కాపీ చేసుకో. డీబగ్గర్ జీడీబీ అందులో రాదు, చివర జీసీసీ తీసేసి జీడీబీ అని పెట్టి ఇంకోసారి అదే ఆదేశం ఇవ్వాల.

తరవాత విండోస్ సెర్చ్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని వెతికి, పాత్ అనే వరస (విండోస్ ప్రోగ్రాంలని వెతికే ఫోల్డర్ల జాబితా) తెరిచి, ఎంసిస్64 లోపల యూసీఆర్‌టీ64 లోపల బిన్ ఫోల్డర్ దారిని చేర్చు. ఓకేలు మూడూ నొక్కాల, ఒక్కటి మరిచినా చేరదు. అప్పటికే తెరిచున్న కిటికీలకి కొత్త పాత్ తెలీదు కాబట్టి వీఎస్ కోడ్ మూసి మళ్ళీ తెరువు. టెర్మినల్‌లో జీసీసీ, ఖాళీ, రెండు హైఫన్లు వెర్షన్ అని కొడితే అంకె కనపడాల. కనపడిందా, పనైపోయినట్టే.

పెన్నా_గట్టు | 8:02
గిత్త చెప్పిన వరస సరైందే. కాకపోతే ఈ ల్యాప్‌టాప్‌కి సరైంది కాదు. వీఎస్ కోడ్ లోపల ఒక బ్రౌజర్ ఇంజనే నడుస్తుంటుంది. 4 జీబీలో విండోస్, యాంటీవైరస్ కలిసి సగం మింగుతాయి, పక్కన క్రోమ్ తెరిచావంటే ఇంకేం మిగలదు. పైగా సి ఎక్స్‌టెన్షన్ వెనకాల హెడర్ ఫైళ్ళన్నీ చదివి సూచిక కట్టుకుంటుంది. పాత హార్డ్ డిస్క్ మీద ఆ పని జరుగుతున్నంతసేపూ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గీత వందలోనే కూచుంటుంది.

అవి పక్కనపెట్టి, కొత్తవాళ్ళకి వీఎస్ కోడ్‌లో తగిలే దెబ్బలు చెప్తా. వేసుకున్నవాళ్ళకి పనికొస్తాయి.

‘విన్‌మెయిన్‌కి అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్’ అని ఎర్రర్ వస్తే హడలిపోవద్దు. నూటికి తొంభైసార్లు ఫైలు సేవ్ చెయ్యలేదని అర్థం. ట్యాబ్ మీద పేరు పక్కన గుండ్రటి చుక్క ఉందేమో చూడు. డిస్క్ మీదున్నది ఖాళీ ఫైలు, అందులో మెయిన్ లేదు, లింకర్ (కంపైలైన ముక్కల్ని కలిపి ప్రోగ్రాం చేసేది) ఏడ్చేది అందుకు. ఫైల్ మెనూలో ఆటో సేవ్ పెట్టేస్తే ఈ బాధ ఉండదు, కరెంటు పోయినా రాసింది నిలుస్తుంది.

కోడ్ రన్నర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని స్కాన్‌ఎఫ్ (ఇన్‌పుట్ తీసుకునేది) రాస్తే అంకె ఎంత కొట్టినా తీసుకోదు. ఫలితం చూపించే ఆ గడి చదివేదానికే, రాసేదానికి కాదు. సెట్టింగ్స్‌లో ‘రన్ ఇన్ టెర్మినల్’ అని వెతికి టిక్ పెట్టాల.

లింకర్ ‘పర్మిషన్ డినైడ్’ అంటే ఇంతకుముందు నడిపిన ప్రోగ్రాం ఇంకా ఎక్కడో ఇన్‌పుట్ కోసం కాచుకోనుంది. నడుస్తున్న ఈఎక్స్ఈ మీద కొత్తది రాయనివ్వదు విండోస్. ఆ కిటికీ మూసి మళ్ళీ కంపైల్ చేస్తే సరి.

ఫోల్డర్ ఎక్కడ పెట్టుకుంటారన్నది కూడా చిన్న విషయం కాదు. విండోస్ యూజర్ పేరులో ఖాళీ ఉన్నా, తెలుగు అక్షరాలున్నా, డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతున్నా పాత పనిముట్లు, ముఖ్యంగా డీబగ్గర్లు, దారి తప్పుతాయి. సి డ్రైవ్‌లో నేరుగా కోడ్ అనో ల్యాబ్ అనో ఒక ఫోల్డర్ చేసుకుని అన్నీ అందులోనే ఉంచండి. ఈ ఒక్క పనితో సగం గొడవలు రావు.

పొదలకూరు_నిమ్మ | 8:19
గట్టు చెప్పినవన్నీ విన్నాక కోడ్ బ్లాక్సే దారి అనిపిస్తుంది గదా :) టర్బో సి లాగే ఎడిటరూ కంపైలరూ ఒకే మూటగా వస్తాయి, పెద్ద తంతు లేదు. డౌన్‌లోడ్ పేజీలో నాలుగైదు ఫైళ్ళుంటాయి. పేరులో ‘మింజీడబ్ల్యూ’ (విండోస్‌కి చేసిన జీసీసీ), ‘సెటప్’ రెండూ ఉన్నదే దించాల. అది నూరు ఎంబీ దాటుద్ది. చిన్నదిగా ఉందని పక్కది దించితే కంపైలర్ లేకుండా వస్తుంది.

తెరిచాక కొత్త ఫైలు, సి పేరుతో సేవ్, ఎఫ్9. కంపైలూ రన్నూ రెండూ అదే. ఫలితం వచ్చిన కిటికీ ‘ఏదో ఒక మీట నొక్కు’ అని ఆగుతుంది కాబట్టి చివర గెచ్ పెట్టి ఆపే పని లేదు.

ఒకటి గుర్తుంచుకో. విడి ఫైలుకి డీబగ్గర్ నడవదు. ఫైల్, న్యూ, ప్రాజెక్ట్, కన్సోల్ అప్లికేషన్, సి అని ప్రాజెక్టు చేస్తేనే నడుస్తుంది. వరస పక్కన అంకె దగ్గర నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, ఎఫ్8తో మొదలు, ఎఫ్7తో ఒక్కో వరస. డీబగ్ మెనూలో వాచెస్ తెరిచి పెట్టుకుంటే ఐ, జే విలువలు మారేది కళ్ళారా చూడొచ్చు. నెస్టెడ్ లూపులు కాగితం మీద ఎంత గీసినా పడని బుర్రకి ఇది పడుతుంది.

కావలి_ఫస్టియర్ | 8:31
కోడ్ బ్లాక్స్‌లో రాసినవి ల్యాబ్‌లో టర్బో సిలో నడుస్తాయా? ల్యాబ్ పరీక్ష దాంట్లోనే పెడతారంట. అట్టా అయితే ఇంట్లో కూడా టర్బో సినే వేసుకోవడం మేలు కాదా?

చీమకుర్తి_రాయి | 9:05
మంచి ప్రశ్న అమ్మాయ్. ఆర్23 (2023లో వచ్చిన మన బీటెక్) సిలబస్‌లో మొదటి వారం ల్యాబ్‌లోనే లినక్స్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎడిటర్లూ, టర్బో సి, జీసీసీ పరిచయం చెయ్యమని ఉంది. కాబట్టి జీసీసీ నేర్చుకుంటే సిలబస్ దాటినట్టేం కాదు.

టర్బో సి మొదట 1987లో, డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వచ్చింది. 16 బిట్ల సరుకు. 64 బిట్ల విండోస్ మీద నేరుగా నడవదు, డాస్‌బాక్స్ అనే తొడుగులో పెట్టి నడిపిస్తారు. ‘విండోస్ 10కి టర్బో సి’ అని ఊరూపేరూ లేని సైట్లలో దొరికేవి ఈ రెండిటినీ కట్టగట్టిన మూటలే. ఆ మూటలో ఇంకేం కట్టారో ఎవరికీ తెలీదు, అందుకే వద్దంటాను.

తేడా ఎంతుంటుందో ఒక్క ప్రోగ్రాంతో చూపిస్తా. ఫ్యాక్టోరియల్ మీ ల్యాబ్ వరసలో తప్పకుండా ఉంటుంది. ఫలితాన్ని ఇంట్ అనే పూర్ణాంకాల రకంలో పెట్టి, టర్బో సిలో 7 ఇస్తే 5040 వస్తుంది. 8 ఇస్తే మైనస్ 25216! ప్రోగ్రాం తప్పు కాదు. అక్కడ ఇంట్ 2 బైట్లు, 32767 దాటి పట్టదు. అసలు జవాబు 40320. అందులోంచి 65536 తీసేస్తే ఆ మైనస్ అంకె వస్తుంది, కావాలంటే కాగితం మీద వేసి చూడు. ఇదే ప్రోగ్రాం జీసీసీలో 40320 అనే చెప్తుంది, ఎందుకంటే అక్కడ ఇంట్ 4 బైట్లు. పుస్తకంలో ఇంట్ 2 బైట్లు అనీ, సైజ్‌ఆఫ్ వేస్తే 4 అనీ వచ్చేసరికి పిల్లలు తికమకపడేది ఇందుకే. భాష ఇంత సైజని చెప్పలేదు, కనీసం 16 బిట్లుండాలని మాత్రమే చెప్పింది.

ఇక రెండు చోట్లా నడిచేలా రాసే పద్ధతి. మెయిన్ ముందు వాయిడ్ కాకుండా ఇంట్ పెట్టి చివర రిటర్న్ సున్నా రాయి, టర్బో సి కూడా కిమ్మనదు. వేరియబుల్స్ అన్నీ బ్రాకెట్ తెరవగానే పైన ప్రకటించు. ఫర్ లోపల ఇంట్ ఐ అని రాస్తే జీసీసీ ఒప్పుకుంటుంది గానీ, సి పేరుతో సేవ్ చేసిన ఫైల్లో టర్బో సి ఒప్పుకోదు. సీఎల్ఆర్ఎస్‌సీఆర్ (తెర తుడిచేది) మానెయ్. విండోస్ జీసీసీలో కోనియో హెడర్ ఉంది, గెచ్ ఉంది, సీఎల్ఆర్ఎస్‌సీఆర్ మాత్రం లేదు. లినక్స్‌లో ఆ హెడరే లేదు. గ్రాఫిక్స్ హెడర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. గెట్స్ (కొట్టిన వరస చదివేది) వాడొద్దు, 2011 ప్రమాణంలో దాన్ని భాషలోంచే తీసేశారు. ఎఫ్‌గెట్స్ వాడు.

ఫైలు పేరు ఎనిమిది అక్షరాల్లోపు పెట్టు. ఫ్యాక్టోరియల్ అని ఇంగ్లీషులో పూర్తిగా రాస్తే తొమ్మిది అక్షరాలు, డాస్ ఆ పేరుని కత్తిరించేస్తుంది. పరీక్షలో నీ ఫైలు నీకే దొరకదు.

పరీక్షకి ముందు టర్బో మీటలు ఒకసారి చూసుకుంటే చాలు. ఎఫ్2 సేవ్, కంట్రోల్ ఎఫ్9 రన్, ఆల్ట్ ఎఫ్5 ఫలితం తెర. అరగంట పని.

ఉదయగిరి_కోట | 9:22
ఆ ల్యాప్‌టాప్‌ని ఇంకొన్నాళ్ళు బతికించుకోవాలంటే రెండు మాటలు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి తేలికది వేస్తే 4 జీబీలో హాయిగా నడుస్తుంది. ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్ హైఫన్ ఎసెన్షియల్, గీనీ, జీడీబీ అని సుడోతో ఒక్క వరస కొడితే కంపైలర్, ఎడిటర్, డీబగ్గర్ అన్నీ వచ్చేస్తాయి. పాత్ గోల ఉండదు. గీనీలో ఎఫ్8 కంపైల్, ఎఫ్9 బిల్డ్, ఎఫ్5 రన్.

పోనీ విండోసే ఉంచుకుంటావనుకో, డబ్బులు పెట్టేదేదో ముందు ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) మీద పెట్టు, ర్యామ్ తరవాత. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే ర్యామ్ స్లాట్లు ఎన్ని, ఎన్ని నిండాయో చూపిస్తుంది. షాపుకి పోయేముందు అది ఫోటో తీసుకో.

ఒంగోలు_గిత్త | 9:30
ఎస్ఎస్‌డీ వేశాక వీఎస్ కోడ్ కూడా పరిగెత్తుద్ది మరి :)

పెన్నా_గట్టు | 9:34
పరిగెత్తనీ. అప్పుడూ నా అభ్యంతరం ఒకటుంది. ఇప్పటి వీఎస్ కోడ్‌లో కోపైలట్ అనే ఏఐ సాయగాడు ఎదురుగానే ఉంటుంది. సైన్ ఇన్ అయ్యావంటే, ఫర్ అని కొట్టగానే మిగతా లూపంతా బూడిదరంగులో రాసి చూపిస్తుంది, ట్యాబ్ నొక్కితే దిగిపోతుంది. పని తెలిసినోడికి అది సాయం. లూపులో తక్కువా, తక్కువ-లేదా-సమానమా అని తేల్చుకోవడం నేర్చుకోవాల్సిన వారంలో ఉన్నవాళ్ళకి ఆ తేల్చుకునే పనే లేకుండా చేస్తుంది. ల్యాబ్ పరీక్షలో నీలం తెర ఏమీ అందించదు. వాడేటట్టయితే కింద పట్టీలో ఆ గుర్తు నొక్కి సూచనలు ఆపుకోండి.

కందుకూరు_అక్క | 9:48
సి గురించి అందరూ చెప్పారు, పైథాన్ సంగతి నేను చెప్తా. రెండిటికీ ఒకటే కావాలని పట్టుబట్టకమ్మా. పైథాన్‌కి థానీ వేసుకో. ఎస్తోనియాలో టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమే తయారైంది. పైథాన్ దాని లోపలే వస్తుంది, పాత్‌తో పనే లేదు.

దాని గొప్ప చూడాలంటే రాయి గారి ఫ్యాక్టోరియల్‌నే రికర్షన్‌తో (ఫంక్షన్ తన్నే తాను పిలుచుకునేలా) రాసి, కంట్రోల్ ఎఫ్5 నొక్కి, ఎఫ్7తో ఒక్కో అడుగు లోపలికి పో. ఫ్యాక్ట్ 4 పిలవగానే ఒక చిన్న కిటికీ, అందులో ఎన్ విలువ 4. అది ఫ్యాక్ట్ 3ని పిలిస్తే దాని మీద ఇంకో కిటికీ, ఎన్ 3. అట్టా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయి, 1 దగ్గర ఆగి, జవాబు పట్టుకుని ఒక్కొక్కటే మూసుకుంటూ వెనక్కొస్తాయి. పిలుపు ఉన్నచోటే జవాబు అంకె వచ్చి కూచుంటుంది. స్టాక్ అంటే ఏందో బోర్డు మీద గంట చెప్పినా ఇంత తెలీదు.

విడిగా పైథాన్ వేసుకుంటే ఇన్‌స్టాలర్ మొదటి తెరలో అడుగున ‘యాడ్ పైథాన్ డాట్ ఈఎక్స్ఈ టు పాత్’ అని చిన్న గడి ఉంటుంది. టిక్ పెట్టకుండా ముందుకి పోతే, టెర్మినల్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్‌కి పొమ్మంటుంది. మళ్ళీ వెయ్యక్కర్లేదు, పీవై అని కొట్టి చూడు, మామూలుగా పలుకుతుంది.

నీ ఫైలుకి ర్యాండమ్ అనో టర్టిల్ అనో పేరు మాత్రం పెట్టొద్దు. ఇంపోర్ట్ చేసినప్పుడు అసలు మాడ్యూల్‌ని వదిలేసి నీ ఫైల్నే తెచ్చుకుని, ‘ఆ పేరుతో ఏమీ లేదు’ అని ఎర్రర్ ఇస్తుంది. ఎంత వెతికినా కోడ్‌లో తప్పు కనపడదు, తప్పు ఫైలు పేరులో ఉంటే ఎట్టా కనపడుద్ది! నోట్‌ప్యాడ్‌లో రాస్తే ఇంకో గొడవ, పీవై పక్కన టీఎక్స్‌టీ అని తోక తగిలిస్తుంది. ఎక్స్‌ప్లోరర్ వ్యూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెడితే ఆ తోక కళ్ళపడుతుంది.

పొదలకూరు_నిమ్మ | 9:55
ఫోన్ సంగతి ఎవరూ చెప్పలేదు. బస్సులో చదువుకునేదానికి పైడ్రాయిడ్ 3 సరిపోద్ది. సి కావాలంటే టెర్మక్స్‌లో (ఫోన్లో లినక్స్ టెర్మినల్ ఇచ్చే యాప్) పీకేజీ ఇన్‌స్టాల్ క్లాంగ్ అని కొడితే కంపైలర్ వస్తుంది. సెమికోలన్లూ బ్రాకెట్లూ ఆ కీబోర్డుతో కొట్టి కొట్టి వేళ్ళు పోతాయి, అదే పని పెట్టుకోవద్దు. నెట్ ఉంటే ఆన్‌లైన్ జీడీబీలో డీబగ్గర్ కూడా ఉంది. గూగుల్ కొలాబ్‌లో (బ్రౌజర్‌లోనే నడిచేది) పైథాన్ బాగుంటుంది గానీ, సెషన్ పోతే అక్కడికి ఎక్కించిన డేటా ఫైళ్ళూ పోతాయి, డ్రైవ్‌లో దాచుకోవాల.

కావలి_ఫస్టియర్ | మరుసటి రోజు, రాత్రి 7:10
కోడ్ బ్లాక్స్ వేశాను. ఎఫ్9 నొక్కితే ‘సెర్చ్ పాత్‌లో కంపైలర్ దొరకలేదు’ అంటోంది. దించింది మింజీడబ్ల్యూ ఉన్న ఫైలే, రెండుసార్లు చూసుకున్నా.

పొదలకూరు_నిమ్మ | 7:18
ఇంతకుముందు ఎప్పుడైనా కంపైలర్ లేని కోడ్ బ్లాక్స్ ఉండేదా అందులో? పాత సెట్టింగులు తీసేసినా మిగిలిపోతాయి. సెట్టింగ్స్, కంపైలర్, టూల్‌చైన్ ఎగ్జిక్యూటబుల్స్ తెరువు. అక్కడ ‘ఆటో డిటెక్ట్’ నొక్కు. కోడ్ బ్లాక్స్ ఫోల్డర్ లోపలి మింజీడబ్ల్యూ దారి పడాల. పడకపోతే చేత్తో చూపించు. బిన్ దాకా పోవద్దు, మింజీడబ్ల్యూ దగ్గరే ఆగు. బిన్ కలిపితే మళ్ళీ దొరకదంటుంది.

కావలి_ఫస్టియర్ | 7:41
వచ్చింది నిమ్మ గారూ! నేను బిన్ దాకా పోయాను. ఈ ల్యాప్‌టాప్ మా అన్నయ్యది, ఇందులో పాత కోడ్ బ్లాక్స్ ఉండేదంట.
రాయి సార్, ఫ్యాక్టోరియల్ వేశా. 8కి 40320 వచ్చింది. 12 దాకా బాగుంది. 13 ఇస్తే 1932053504 వస్తోంది, క్యాలిక్యులేటర్‌లో 6227020800. ఇదీ ఆ సైజు గొడవేనా?

చీమకుర్తి_రాయి | 8:15
అదే. 4 బైట్ల ఇంట్ 2147483647 దాకానే పడుతుంది. నీ క్యాలిక్యులేటర్ జవాబులోంచి 4294967296 తీసేసి చూడు, తెర మీదున్న అంకె వస్తుంది. ఈసారి మైనస్ రాకపోయేసరికి మనిషికి అనుమానం కూడా రాదు, అది ఇంకా ప్రమాదం.

ఇంటి దగ్గర జీసీసీలో, ఇంట్ బదులు లాంగ్ లాంగ్ అనే పెద్ద రకం పెట్టి పర్సెంట్ ఎల్ఎల్‌డీతో ప్రింట్ చెయ్యి, 20 దాకా సరిగ్గా వస్తుంది, 21 దగ్గర మళ్ళీ చెడుతుంది. టర్బో సిలో లాంగ్ లాంగ్ లేదు. అక్కడ ఉత్త లాంగ్, పర్సెంట్ ఎల్‌డీ. అది 4 బైట్లు కాబట్టి 12 దాకా నడుస్తుంది. పరీక్షలో ఫలితాన్ని లాంగ్‌లో పెట్టి, ఇన్‌పుట్ 12 దాటితే ‘పెద్ద అంకె’ అని చెప్పేలా ఒక ఇఫ్ రాయి. ఎందుకు రాశావని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే 13కి వచ్చిన ఈ అంకె చెప్పు.